పద్నాలుగు - బి

శుక్రవారం పొద్దున సోనాపూర్ క్యాంపు గేటు కాడ
తెల్ల వ్యాను ఆగింది.
కవలలెవరన్నా ఉన్నరా అని
అరబ్బీల, హిందీల, మలయాళంల అడిగిన్రు.
మన భాష రాలేదు గాని
మా మొకాలే చెయ్యెత్తినయి.

మా ఓదెలుకు పద్నాలుగు - ఎ. నాకు పద్నాలుగు - బి.
అమ్మ కడుపుల నుంచి ఇదే వరుస.
వాడు ముందు, పావుగంట ఎన్క నేను.
ఆ పావుగంట పెద్దరికాన్ని
ముప్పై ఎనిమిదేండ్ల సంది వాడుకుంటనే ఉన్నడు.

డాక్టరమ్మ హెస్సా మెల్లగ చెప్పింది,
నర్సు లిస్సీ దాన్ని హిందీల పోసింది:
ఇత్తు ఒక్కటే. మడి మారితే ఏమైతదో చూస్తం.

మడి ఎక్కడిదమ్మా ఈడ?
నాకు అల్ ఖూజ్‌ల చేపల గోదాము,
మైనస్ పద్దెనిమిది,
మూడంగీల మీద జాకెట్టు, మీసాల మీద మంచుపొడి.
వానికి అబుదాబి రోడ్డు పొంటి ఇనుప చువ్వలు,
జూన్‌ల ముట్టుకుంటే తోలు అంటుకపోతది.
తొమ్మిదేండ్లు.
రాత్రయితే ఒక్కటే అర్ర. పైమంచం నాది, కిందిమంచం వానిది.
నేను ఏసీ బందు పెట్టమంట.
వాడు పదహారుకు దించమంటడు.
వాళ్లు దేవులాడేదంత ఆ లొల్లిలనే ఉండె గాని
ఎవ్వరు రాసుకోలే.

ఫారం నిండ ప్రశ్నలు.
మీ నాయినకు బీపీ ఉండెనా?
కొలిపిచ్చుకున్నదెన్నడు?
కోపమొస్తే అన్నం గిన్నె ఇసిరికొట్టేటోడు.
ఆ కోపం నెత్తురుల ఉండెనో
గిన్నెల అన్నం లేకపోవుట్ల ఉండెనో
ఇప్పుడెట్ల చెప్పాలె?

దినాం ఎన్ని లీటర్ల నీళ్లు తాగుతరు?
నేను మూడు అన్న.
ఓదెలు పెన్ను పట్టుకొని చానాసేపు చూసిండు.
ఎంత తాగుతవని కాదు,
ఒంటికి పోవాల్నంటే ఎంత దూరం నడవాలె,
ఫోర్మెన్ ఎన్నిసార్లు పోనిస్తడు, అది అడగాలె.
ఒకటి అని రాసి, కొట్టేసి,
మళ్ల ఒకటే రాసిండు.

ఆఖరుకు ఏలిముద్రలు.
ఒక్క గింజ రెండైనోళ్లకు గూడ ఇవి మాత్రం వేరుంటయట,
కడుపుల నీళ్లు ఎవరికెట్ల తగిలితే అట్ల.
నాది పడ్డది.
వానిది పడలే.
స్పిరిట్ పెట్టి తుడిచిన్రు, మళ్ల పెట్టిన్రు, ఇంకో ఏలు పెట్టిన్రు.
అద్దం మీద తెల్లటి మరక.
సిమెంటు తిన్నది అన్నడు,
పంట పురుగు తిన్నది అన్నంత మామూలుగ.
అమ్మ ఇద్దరికి విడివిడిగ ఇచ్చిన ఒక్కటి,
అదీ పాయె.

మూడు వారాలకు రిపోర్టులు.
నా కిడ్నీ లెక్క సున్నా పాయింట్ తొమ్మిది.
వాని లెక్క మీద లిస్సీ బొటనేలు పెట్టి
ముందుగాల కూర్చోమన్నది.
ఎండ, నీళ్లు, ఏండ్లు అని
డాక్టరమ్మ ఏమేమో చెప్పింది.
పోయేముందు నా దిక్కు తిరిగి
తొందర లేదు గాని తెలుసుకోండ్రి అన్నది:
మీది పెడితే ఆయన ఒళ్లు దాన్ని పరాయిదనుకోదు.

బస్సుల ఇద్దరం మాట్లాడుకోలే.
సిగ్నల్ కాడ వాడే నవ్విండు.
పావుగంట ఎన్క వచ్చినవు గదరా,
నీది ఇంక కొత్తగనే ఉంటది.

ఆ రాత్రి రిమోటు నేనే అందుకున్న.
పదహారు.
గోదాము జాకెట్టు తొడుక్కొని పండుకున్న.
నడిజాముకాడ మెలకువొస్తే
ఇరవై నాలుగు మీదుంది.

నాలుగు గంటలకు వాని బస్సు హారన్ కొట్టింది.
చీకట్ల నా బూట్లు ఏసుకపోయిండు.
నాకు వానియి మిగిలినయి.
తొడిగిన. సరిపోయినయి.
కుడికాలు మడమ కాడ అడుగు కరిగి
ఒక దిక్కు ఒరిగిపోయుంది.
గోదాము దాక అట్లనే ఒరిగి నడిచిన.
సైజు మా ఇద్దరిది.
అరుగుదల వానిది.